ఐదో గాలిబావి

బీదర్ పాతబస్తీలో జగదేవి ఇంటి పెరట్లో ఒక గాలిబావి ఉంది. ఎర్రరాయిని నిటారుగా తొలిచి తవ్వినది. ఒక మనిషి దిగేంత వెడల్పు, యాభై అడుగుల లోతు. అడుగున నేలకింది కాలువ పోతుంది. ఊరిబయట గుట్టల్లోని ఊటనీళ్లను ఊళ్లోకి తెచ్చే కాలువ అది, సుల్తానుల నాటిది. దానికి గాలీ వెలుతురూ అందడానికి ఆ వీధి పొడుగునా పదకొండు బావులు తవ్వారు. జగదేవి పెరట్లోది ఐదోది.

ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో ఆ బావిలోంచి నీళ్లు చేదేవారు. తర్వాత కుళాయిలు వచ్చాయి, బోర్లు వచ్చాయి, బావికి ఒక రేకుమూత వచ్చింది. చెత్తబండి వీధిలోకి రాని రోజుల్లో ఎవరు మొదలుపెట్టారో గాని, చెత్తంతా బావుల్లోకి పోవడం మొదలైంది. బండి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. జగదేవి జొన్నరొట్టెలు చేసి హాస్టళ్లకు అమ్ముతుంది. మొగుడు లారీ మీద నెలకు ఇరవై రోజులు బయటే. పొయ్యి బూడిద, ఉల్లిపొట్టు, ఖాళీ పిండి సంచులు అన్నీ ఆ రేకు ఎత్తి లోపలికి వేయడమే.

ఆ ఏడు ఎండలు ముదరకముందే బోర్లు ఎండిపోయాయి. వారానికొక ట్యాంకరు. మునిసిపాలిటీ ఇంజనీరు మేడం వీధివాళ్లను ఉర్దూ బడిలో కూర్చోబెట్టి సూటిగా చెప్పింది.

"కాలువ బాగు చేస్తే నీళ్లొస్తయి. పైకం మేం పెడ్తం, పనోళ్లను మేం తెస్తం. కాని మీరు వేసుడు ఆపకుంటే మేం తీసుడు దండగ. బావుల కాడ మీరే నిలబడాలె. తడి చెత్తకు గుంతలు తవ్వాలె, కవర్లు వేరే పెట్టాలె."

నీళ్లు లేక నాలుగు రోజులుగా పిండి తడపలేదు కాబట్టి జగదేవి అందరికన్నా ముందు సంతకం చేసింది. చేసి ఇంటికొచ్చి, ఆ మధ్యాహ్నమే, అలవాటుకొద్దీ బూడిద తట్టతో బావి దగ్గరికి వెళ్లి రేకు ఎత్తింది.

కింద ఎవరో దగ్గారు.

ఆమె చేతిలో తట్ట అట్లాగే ఆగిపోయింది. దగ్గు ఆగింది. ఆ తర్వాత మగగొంతు ఒకటి, బొంగురుగా, ఓపికగా అడిగింది.

"నీళ్లిడిచిండ్రా?"

ఆమె రేకు పడేసి గోడ దగ్గరికి పరుగెత్తింది. నాలుగో బావి పక్కింటి ముజీబ్ పెరట్లో ఉంది. ముజీబ్ ఆటో నడుపుతాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, వేళాకోళాల మనిషి. అప్పుడే వాకిట్లో ఆటో ఆపి దిగుతున్నాడు.

"ఏం తమ్ముడూ, నేనే దొరికిన్నా నీకు? బావిల మొహం పెట్టి ఒర్లుతున్నవా?"

"నేనా? పొద్దుగాల నుంచి బస్టాండు కాడ ఉన్న. అన్నం తినే టైమే లేదు, నీ బావిల పాటలు పాడుకుంటనా అక్కా?"

"నవ్వకు. ఎవరో మాట్లాడిండ్రు."

"ఎండదెబ్బ. ఇంత మజ్జిగ తాగు," అన్నాడు ముజీబ్. అయితే ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

వారం తిరక్కుండా పని మొదలైంది. బావి మీద గిలక కట్టి గంపలతో చెత్త పైకి లాగారు. వీధి ఆడవాళ్లు దాన్ని రెండు కుప్పలు చేశారు. కుళ్లి మట్టైనది ఒక వైపు, కవర్లు ఒక వైపు. పైన ఈ ఏటి పాలపొట్లాలు. వాటికింద రెండేళ్లనాటి పెళ్లి విస్తళ్లు. ఇంకా కింద, ఎప్పుడో మూతబడ్డ మిల్లు పేరున్న పిండి సంచులు. ఆ సంచుల్ని వీధిలో కొన్నది తనొక్కతే. అందరి ముందూ వాటిని దులుపుతుంటే జగదేవికి తలెత్తబుద్ధి కాలేదు. ఇంకా లోతున తన కూతురు చిన్నప్పుడు పోగొట్టుకుందని దెబ్బలు తిన్న పలక వచ్చింది.

రోజూ అన్నాల వేళ పనివాళ్లు నీడకు పోగానే ఆ గొంతు వచ్చేది. అదే దగ్గు, అదే మాట. మొదట్లో దిండు అడుగు నుంచి మాట్లాడినట్టుండేది. బావి ఖాళీ అవుతున్నకొద్దీ గొంతు స్పష్టమైంది. పదోనాటికి, మాటకు ముందు అతను ఊపిరి పీల్చుకోవడం కూడా ఆమెకు వినబడింది.

ఎవరికి చెప్పినా పిచ్చి అంటారని, తిన్నగా మశాక్ సాబ్ ఇంటికి వెళ్లింది. డెబ్భై దాటిన ముసలాయన. ఆయన తాత తండ్రులు ఈ కాలువ పూడిక తోడినవాళ్లే. అంత పని జరుగుతున్నా ఆయన మాత్రం ఆ పక్కకు రాలేదు.

"చాచా, మా బావిల ఒక మనిషి మాట్లాడుతుండు. నీళ్లిడిచిండ్రా అంటుండు."

మశాక్ సాబ్ టీ సాసరు కింద పెట్టాడు. "నువ్వు జవాబు చెప్పినవా?"

"లేదు. భయమైంది."

ఆయన లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"కాలువ తోడేటప్పుడు గుట్ట కాడ మట్టికట్ట వేసి నీళ్లాపుతుంటిమి బేటీ. ఒకడు లోపల, ఒకడు బావి మీద. లోపలోడు అడగాలె, పైవోడు చెప్పాలె. కట్ట తెంపుతున్నరని కబురొస్తే పైకి రా అని ఒర్లాలె. ఒక ఏడు కాలువలకు దిగింది మా అన్న ఖాసిం. మీ బావి మీద కూసున్నది నేనే. పద్దెనిమిదేండ్లోణ్ని. పెండ్లి బరాత్ పోతుంటే బ్యాండు సప్పుడైంది. చూసొస్తనని లేచిన. అంతల్నే కట్ట తెంపిండ్రు."

"అన్న దొరకలేదా?"

"బట్ట ముక్క గూడ దొరకలె. నేను గట్టు ఇడిచి పోయినట్టు మా అమ్మకు చెప్పలె. ఇంతదాంక ఎవ్వరికీ చెప్పలె."

"మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి చాచా."

"ఏ మొహం పెట్టుకొని చెప్పుదు?"

బావులన్నీ ఖాళీ అయ్యాక కాలువలోకి దిగారు. గుట్ట దగ్గర ఇసుక బస్తాలు వేసి ఊటను ఆపారు. నాలుగో బావికీ ఐదో బావికీ మధ్య మాత్రం చెత్త గోడలాగా బిగుసుకుపోయి ఉంది. సన్నటివాడు కావాలంటే ముజీబ్ తనే వస్తానన్నాడు. నడుముకు తాడు కట్టుకుని, తలమీద దీపంతో ఐదో బావిలోంచి దిగాడు. తాడు మూడుసార్లు గుంజితే పైకి లాగాలని మాట. జగదేవి ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. బావి గట్టునే కూర్చుంది.

మధ్యాహ్నం మశాక్ సాబ్ వచ్చాడు. లోపలికి రాలేదు. పెరటి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

కింద పలుగు చప్పుడు ఆగింది. దగ్గు వినబడింది. ఈసారి జగదేవి ఒక్కతే కాదు, గిలక దగ్గరున్న నలుగురు ఆడవాళ్లూ విన్నారు.

"నీళ్లిడిచిండ్రా?"

"ముజీబ్, నువ్వేనా?" అని అరిచింది జగదేవి. జవాబు లేదు. తాడు కదల్లేదు.

వెనక ఏదో పడిన చప్పుడైంది. మశాక్ సాబ్ మోకాళ్ల మీద పడి, నేల మీద పాకుతూ గట్టు దాకా వచ్చాడు. తల బావిలోకి వంచి, ఆ బక్క ఒంట్లోంచి ఎట్లా వచ్చిందో అంత కేక పెట్టాడు.

"ఇడిచిండ్రు భాయ్! ఇడిచిండ్రు! పైకి రా! జల్ది పైకి రా!"

"ఎవ్వరూ ఇడవలేదు చాచా, లోపలోడు బెదురుతడు!" జగదేవి ఆయన భుజం పట్టి లాగింది.

అంతలో తాడు గుంజుకుంది. ఒకటి, రెండు, మూడు. ఐదుగురూ గిలక మీద పడి లాగారు. ముజీబ్ మోచేతులు గట్టుకు ఆనాయో లేదో, కింద నుంచి లారీలోంచి కంకర దించినట్టు ఒక చప్పుడు వచ్చింది. నేల అదిరింది. చల్లటి కుళ్లువాసన గాలి మొహాలకు కొట్టింది. వంగి చూస్తే, ముజీబ్ పని చేసిన చోట నల్లనీళ్లు సుడి తిరుగుతున్నాయి. బావిలో రెండు నిలువులు పైకి లేచాయి.

ముజీబ్ మజ్జిగ తాగి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని జగదేవి వైపు తిరిగాడు.

"నువ్వా అక్కా పిలిచింది?"

"మశాక్ చాచా పిలిచిండు."

"కాదు. చాచా గొంతు పైనుంచి వస్తది గద. పైకి రా అని నాకు ఎదురుంగ వినబడ్డది. చెత్త అవతలికెల్లి. మెల్లగ, చెవుల చెప్పినట్టు."

సాయంత్రం ఇంజనీరు మేడం వచ్చి అంతా విన్నది. చెత్త గోడ నడుమ ఖాళీలో ఏళ్ల తరబడి ఊట నిలిచిందనీ, అది ముందే చూసుకోకపోవడం తమ తప్పేననీ ఒప్పుకుంది. సొరంగంలో మాట ఎటునుంచి ఎటైనా తిరుగుతుందని చెప్పింది. తగ్గిన నీళ్ల వెనకే పనివాళ్లు దిగి బురదంతా తీశారు. మూడు రోజులు గంప గంపా జల్లెడ పట్టారు. ఎముక ముక్క కూడా కనబడలేదు. మశాక్ సాబ్ ఆ మూడు రోజులూ జల్లెడ పక్కనే కూర్చున్నాడు. చివరిరోజు ఆ కాలువ నీళ్లు ముంతెడు అడిగి ఇంటికి తీసుకెళ్లాడు.

వారానికి నీళ్లు తేరాయి. పరీక్ష చేయించి, కాచి తాగవచ్చన్నారు. బావుల మీద ఇనుప జాలీలు వేశారు. వీధి చివర తడి చెత్తకు నాలుగు గుంతలు తవ్వారు. ముజీబ్ బావిలోకి మళ్లీ దిగలేదు గాని, ఆ గుంతలు తను చూసుకుంటానన్నాడు. ఎవరైనా అందులో కవరు వేస్తే ఇంటి ముందుకెళ్లి పేరుపెట్టి తిడతాడు. ట్యాంకరు రాకడ ఆగిపోయింది.

దసరా తర్వాత పక్కవీధి వాళ్లు తమ బావులు తోడించుకుంటూ జగదేవిని పిలిచారు. ఆమె గుంతల గురించి, కవర్ల గురించి అన్నీ చెప్పింది. ఆ గొంతు సంగతి ఎత్తలేదు. మనిషి కాలువలో దిగుతుంటే గట్టు మీద తనే కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది.

"మొకమంత కమిలింది అక్కా, ఇంత నీడకు రారాదా? కాసేపు నేను కూసుంట," అంది ఆ ఇంటి కోడలు.

"నాకిక్కడ బాగనే ఉంది," అంది జగదేవి, బావిలోంచి చూపు తిప్పకుండా. "ఇంత మంచినీళ్లు మాత్రం తెచ్చియ్యమ్మా."