నీలిమందు దొర బంగళాలో పచ్చి గచ్చు

రేవూళ్లో నీలిమందు దొర బంగళా ఒకటుంది. రెండొందల ఏళ్ల కిందట ఓడలకు నీలిమందు మూటలెత్తి కోట్లు గడించాడట ఆ తెల్లదొర. ఇప్పుడు దాన్ని బాగుచేయించి, టిక్కెట్టు పెట్టి జనానికి చూపిస్తారట. నడిమి హాలుకు పాతకాలపు సున్నపు గచ్చే వెయ్యాలనేసరికి సిమెంటు మేస్త్రీలు చేతులెత్తేశారు. అప్పుడు గుర్తొచ్చారు, తాతల నాటి నుంచి సున్నపు గచ్చు పనే చేసే ఉదయగిరి వాళ్లు!

వాళ్ల మేస్త్రీ రెబెకమ్మ ఆరుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చింది. సున్నం నెల్లాళ్లు మాగబెట్టింది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి గానుగలో తిప్పించింది. పరిచాక ఏడుగురూ మోకాళ్ల మీద వెనక్కి వెనక్కి జరుగుతూ, గుండ్రాళ్లతో రుద్దుకుంటూ గడప దాకా వచ్చారు. నేల అద్దంలా తేలింది. అవ్వ దగ్గర నేర్చుకున్న పని. దానికి ఒకటే కట్టుబాటు. ఇరవై ఒక్క రోజులు తడిగోతాలు కప్పి ఉంచాలి, మనిషి కాలు పడకూడదు. వేసినవాళ్లయినా సరే, గడప బయట నుంచే నీళ్లు చల్లాలి.

ఈ మాట కాంట్రాక్టరు జనార్దనయ్యకు ఎన్నిసార్లు చెప్పిందో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పదో రోజున పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడని గోతాలన్నీ కొక్కేలతో లాగించేశాడు మహానుభావుడు.

రెబెకమ్మ పరుగున వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది.

"ఇంకా పచ్చిగా ఉండాది సార్. కాలు పెడితే దిగిపోతాది."

"తళతళలాడతా ఉంటే పచ్చేంది? పక్కకు పో."

"పైన ఆరినట్టుంటాది సార్, లోపల మెత్తన."

"అంత పెద్దాయన వస్తా ఉంటే కూలిమనిషివి నువ్వు ఆపేదా? పో అవతలికి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా రెక్కపట్టి పక్కకు లాగేస్తే ఏం చేస్తుంది? పెద్దాఫీసరు, ఆయన వెనక పదిమంది, బూట్లు టకటకలాడించుకుంటూ హాలంతా కలయదిరిగారు. దొర గొప్పతనం చెప్పుకున్నారు, సెల్ఫీలు దిగారు. తిరిగి చూసుకునేసరికి గచ్చంతా మడమల గుంటలు. గొర్రెల మంద తొక్కినా అంత పాడయ్యేది కాదు.

ఆఫీసరు మొహం చిట్లించాడు. "ఏమిటయ్యా ఇది?"

"ఏం చేసేది సార్, ఉదయగిరి కూలోళ్లు. పని వస్తాదని చెప్పి మోసం చేసినారు" అన్నాడు జనార్దనయ్య, కన్నయినా ఆర్పకుండా.

ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే మరి. ఆ ఒక్క మాట ఊళ్లో పాకితే చాలు, ఇంకెవరూ వాళ్లను పనికి పిలవరు. ఏడు కుటుంబాల నోటికాడి కూడు పోతుంది. రెబెకమ్మ ఇక ఊరుకోలేదు. గడప ఇవతలే నిలబడి లోపలికి వేలు చూపించింది.

"మేము ఏడుగురం సార్. ప్రభువు సాక్షిగా ఏడుగురివీ ఉత్తకాళ్లే. ఆ గుంటల్లో ఒక్క కాలి వేలి అచ్చు చూపించండి, మీకు దండం పెట్టి ఇట్నే ఊరికి పోతాము. అన్నీ బూట్లే ఉండాయి. వద్దంటే నన్ను లాగేసి మరీ తొక్కించినాడు ఈయన."

ఆఫీసరు కాలెత్తి చూసుకున్నాడు. బూటు అడుగున సున్నం తెల్లగా అంటుకుని ఉంది. జనార్దనయ్య తన బూట్లు పక్కనున్న గోతానికి మెల్లగా తుడుచుకున్నాడు. పెద్దాయన ఒంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"మళ్లీ వెయ్యగలవా అమ్మా?"

"వేస్తాను. తాళంచెవి నా చేతికియ్యండి. ఇరవై ఒక్క దినాలు ఆ దొరే దిగొచ్చినా తలుపు తియ్యను."