గీసినవారు: చుక్క

నీటి సరఫరా ఆఫీసులో పాత పటాల స్కానింగు పని చూసే ఆమెను అందరూ గళ్ళమ్మ అనేవారు, ఎదురుగా కాదు, చాటున. స్కాన్ చేసిన ప్రతి పటానికీ కంప్యూటర్లో కొన్ని గళ్ళు నింపాలి. ఏ వీధి పటం, ఏ సంవత్సరానిది, గీసినవారెవరు. ఈ వివరాలనే మెటాడేటా అంటారు. అవి లేకపోతే వందేళ్ళ తర్వాత ఫైలు ఉంటుంది గానీ దాన్ని వెతికి పట్టుకునే దారి ఉండదు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కంప్యూటరు మొరాయిస్తుంది, ఈమె అరుస్తుంది. అలా వచ్చిందా పేరు.

పాత నీటి పైపుల పటాలు రెండువేల నూట నాలుగు. దేనిమీదా గీసినవాళ్ళ పేరు లేదు, కింద ఇంజనీరు సంతకం తప్ప. "ఈ గడిలో ఏం పెట్టమంటారు మేడమ్?" అని టైపిస్టులు అడిగితే, "చుక్క పెట్టి ముందుకెళ్ళండి" అంది. మూడు నెలల్లో రెండువేల నూట నాలుగు చుక్కలు పడ్డాయి. తనిఖీలో అన్నీ పాసయ్యాయి. ఖాళీ లేదుగా మరి!

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారు అడిగారు. ఆ నీటి ఆఫీసులోనే ముప్ఫయ్యేళ్ళు పటాలు గీసి రిటైరైన మనిషి ఆయన.

"వెనకవైపు రాతలు కూడా స్కాన్‌లో పడ్డాయా అమ్మా?"

"వెనకేముంటుంది మామయ్యగారూ?"

"మా పేర్లు. ముందువైపు రాసుకునే హక్కు మాకు లేదుగా. పటం అయిపోగానే తిరగేసి, మూలన పెన్సిలుతో పేరు రాసేవాళ్ళం. తప్పొస్తే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా!" అని నవ్వారు.

ఆమె చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేసింది. పని త్వరగా తెమలాలని ముందువైపు మాత్రమే స్కాన్ చేయించింది తనే. చుక్క పెట్టమన్నదీ తనే. ఇంట్లో మనిషి ముప్ఫయ్యేళ్ళ చాకిరీని తన చేత్తోనే చుక్క కింద పాతిపెట్టింది.

సోమవారం పొద్దున్నే ఆఫీసరు ముందు నిలబడింది. శనివారం పన్నెండింటికి ఫైళ్ళన్నిటికీ సీలు పడుతుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేరు. కాగితాలు లారీ ఎక్కి గుజ్జు మిల్లుకు పోతాయి.

"రెండు వారాలు గడువివ్వండి సార్."

"గళ్ళన్నీ నిండాయా?"

"నిండాయి సార్, చుక్కలతో."

"నిండాయా లేదా?"

ఆమె పటాల వెనకున్న పేర్ల సంగతి చెప్పింది.

"వందేళ్ళ తర్వాత పైపు ఎక్కడుందో కావాలమ్మా. ఎవడు గీశాడో ఎవడిక్కావాలి?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏం లాభం, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. టైపిస్టుల్ని అప్పటికే వేరే పనికి పంపేశారు. చివరికి మామగారినే వెంటబెట్టుకొచ్చి, కిటికీ పక్కన కుర్చీ వేసింది.

ఆయన ఒక్కో పటం తిరగేసి పేరు చదవడం, ఈమె ఆ ఫైలు తెరిచి చుక్క చెరిపి పేరు కొట్టడం. అన్నిటికీ ఒకేసారి మార్చే వీలుందా అంటే లేదు, ఒక్కొక్కటే తెరవాలి. మధ్యలో కంప్యూటరు నిద్రపోయేది. నెట్ పోయేది. ఆఫీసరు తొంగిచూసి "ఇంకా అవలేదా?" అనేవాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు!

మామగారు మాత్రం తాపీగా కబుర్లు చెప్పేవారు. "ఇతను ఎడమచేతివాడమ్మా, బాణం గుర్తులన్నీ పక్కకు ఒరుగుతాయి. పోయి పదేళ్ళయింది... ఇతను మధ్యాహ్నం బల్లమీదే కునికేవాడు, గీత మాత్రం వణికేది కాదు. అతనూ పోయాడు."

"మీవి ఎప్పుడొస్తాయి మామయ్యగారూ?" రోజుకు నాలుగుసార్లు అడిగేది. ఆమె ఆరాటమంతా ఆ ఒక్క పేరు కోసమే.

"వస్తాయిలే, తొందరేముంది?"

కొన్ని పటాల్ని మాత్రం ఆయన చదవకుండానే కిటికీ కింద పేర్చేవారు. "పెన్సిలు బాగా మాసిపోయింది. వీటి సంగతి ఆఖర్న చూద్దాం" అనేవారు. ఆమె తల తిప్పి చూడలేదు. చూసే తీరిక ఎక్కడిది?

శనివారం పన్నెండు కొట్టింది. పదిహేడువందల తొంభై రెండో పేరు కొట్టి ఆమె వేలు తీసేలోగా తెర బూడిదరంగుకు తిరిగింది. సీలు పడింది. లారీవాళ్ళు వచ్చి కిటికీ కింద కట్ట ఎత్తబోతే, పైనున్న పటం జారి బోర్లా పడింది. మూలన పెన్సిలు రాత ఎక్కడా మాసిపోలేదు. నల్లగా, గుండ్రంగా, మామగారి పేరు. ఆమె కింద కూర్చుని ఇంకోటి తిప్పింది. ఆయన పేరే. మరోటి. ఆయనదే.

"ఏం పని మామయ్యగారూ ఇది!" గొంతు చించుకుంది. లారీవాళ్ళు ఆగిపోయారు. "వారం రోజులు నేను చచ్చింది ఎవరి కోసం? మీవి ముందు చెప్పుంటే ఒక్కరోజు పని!"

"నావీ వాళ్ళవీ అన్నీ పడాలంటే టైము చాలదని మొదటిరోజే లెక్క తేలింది అమ్మా. నావి ముందు చేసేస్తే నువ్వు చల్లబడిపోతావు. నాకు నువ్వున్నావు. వాళ్ళకెవరున్నారు?"

ఆమెకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. మామగారు తెర దగ్గరికి వంగి, మిగిలిన మూడువందల పన్నెండు చుక్కల్నీ కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూశారు.

"ఇప్పుడు చుక్కలున్నవన్నీ నావే కదా. ఎవరైనా అడిగితే అలాగే చెప్పు."

ఆమె ముక్కు చీదుకుని కంప్యూటరు ముందు కూర్చుని, సీలు పడ్డాక నింపాల్సిన ముగింపు ఫారం తెరిచింది. చుక్కలున్నవన్నీ మామగారివేనన్న ఆ ఒక్క ముక్క రాద్దామని పైనుంచి కిందకు రెండుసార్లు వెతికింది. అన్నన్ని గళ్ళలో దానికి ఒక్క గడి లేదు.