గోరు కింద సున్నం

ప్రతి ఉదయం ఓరెస్తే చేసే మొదటి పని కుడిచేతి చూపుడువేలి గోరు కింద సున్నం తీసుకోవడం. అగ్గిపుల్ల కొనతో తీసి, కిటికీ అంచున దులిపి, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు. ఇటలీలో లెండినారా అనే చిన్న ఊళ్ళో అతనికి ఇల్లు కట్టే సామాను కొట్టు ఉంది. సున్నం, సిమెంటు అమ్మేవాడి గోట్లో తెల్లగా ఉంటే ఎవరడుగుతారు? ఆదివారాలు కూడా ఉండేది. ఆగస్టులో కొట్టు పదిహేను రోజులు మూసినప్పుడూ ఉండేది. అతను దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించవలసినవాటిని పక్కన పెట్టడంలో అతనికి మంచి సాధన ఉంది.

చెడ్డవాడు కాదు. తాగడు, తప్పుడు తూకం వెయ్యడు, ఆదివారం ప్రార్థన మానడు. జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం చెప్పడు. ఔననడు, కాదనడు. "చూద్దాంలే" అంటాడు. చూడడు.

అది 1984. ఆ వసంతంలో అతని భార్య ఇనేస్ అతన్ని ఒక ప్రశ్న అడిగింది. ఫిబ్రవరిలో పొగమంచుకి అంబులెన్సు దారి తప్పితే, పక్కవీధి అమ్మాయికి ఇనేసే పురుడు పోసింది. పెళ్ళికి ముందు ఆమె మంత్రసాని చదువు చదివి పరీక్ష ప్యాసైన మనిషి. ఇరవై ఆరేళ్ళు కొట్టులో కూర్చున్నా చేతులు ఆ పని మరిచిపోలేదు. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా బెల్లూనో కొండల్లోని సన్యాసినుల ఆశ్రమానికి చేరింది. దిక్కులేని గర్భిణులను వాళ్ళు చేరదీస్తారు. ఏడాదిపాటు వచ్చి మాతో ఉండగలవా అని ఉత్తరం రాశారు. జూన్ పన్నెండు, మంగళవారం లోగా చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

"వెళ్ళనా?" అని ఇనేస్ మూడుసార్లు అడిగింది. ఆమె తనంతట తాను వెళ్ళగలదు. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. కాని అడిగి చెయ్యడం తన పద్ధతి అనీ, అడిగినదానికి జవాబు చెప్పడం మొగుడి ధర్మమనీ ఆమె నమ్మకం.

మూడోసారి అడిగిన మర్నాడు ఓరెస్తే వెనిస్‌కి రైలు టిక్కెట్లు తెచ్చాడు.

"పెళ్ళయిన కొత్తలో చూసిన ఊరు. అదే బస, అదే గది కావాలని రాశాను. శుక్రవారం వెళ్దాం."

"తిరిగి ఎప్పుడు?"

"బుధవారం."

ఇనేస్ మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. బుధవారం పదమూడో తారీకు. పెట్టె సర్దింది. ఆశ్రమం ఉత్తరాన్ని చేతిసంచిలో పెట్టుకుంది.

బస యజమానురాలు సియోరా తెక్లా మెట్ల మీద ఎదురొచ్చింది. నడుముకి తాళంచెవులు, భుజాన ఉతికిన దుప్పట్లు.

"ఏడో నంబరు కావాలని మీరే రాశారు. వాళ్ళని తీసుకుపోవడానికి వచ్చారనుకున్నాను" అంది.

"ఎవరిని?"

"ఎవరినేమిటి సిన్యోర్? మిమ్మల్నే."

వెనిస్‌లో కొందరు ఉండిపోతారన్నది అందరూ ఎరిగిన సంగతే. మనుషులు రైలెక్కి వెళ్ళిపోతారు, అక్కడ గడిపిన ఆ నాలుగు రోజుల మనుషులు మాత్రం అక్కడే తిరుగుతుంటారు. ఇరుకు సందుల్లో ఎదురైతే ఊరివాళ్ళు పక్కకి తప్పుకుంటారు. పడవలో చోటు వదులుతారు. టిక్కెట్టు అడగరు. ఉండిపోయినవాళ్ళు ఉన్నందుకు ఓరెస్తే చిరాకుపడలేదు. అందులో తానూ ఒకడైనందుకు చిరాకుపడ్డాడు.

"మేం ఉండిపోయే రకం కాదండీ. అన్నీ చక్కబెట్టుకునే వెళ్ళాం."

"అందరూ అదే అంటారు. ఏదో సగంలో వదిలేసే ఉంటారు. ఏమిటని నేనడగను. దుప్పట్లు మార్చడం వరకే నా పని." సియోరా తెక్లా గది తలుపు మీద రెండుసార్లు కొట్టి, "రావచ్చా పిల్లలూ?" అని లోపలి ఖాళీని అడిగి, తలుపు తీసింది. "మంచం రాత్రంతా మీదే. తెల్లవారి ఐదింటికి మాత్రం వాళ్ళది. చర్చి గంట కొట్టేలోపు లేచిపోండి. ఒక జర్మన్ ఆయన లేవకుండా పడుకుని వారంపాటు నడుం పట్టి మూలిగాడు."

"అల్లరి చేస్తారా?" అని ఇనేస్ నవ్వుతూ అడిగింది.

"బంగారం లాంటి పిల్లలు. ఒక్కటే బాధ. ఇదిగో, దిండు పక్కన, గోడకి చిల్లు పడుతుంది. ఏటా ఈస్టర్‌కి పూడ్పిస్తాను. క్రిస్మస్ వచ్చేసరికి మళ్ళీ వేలు దూరేంత. ఎలకేమో అనుకున్నాను. ఎలక ఇరవై ఆరేళ్ళు ఒకే చోట గీకుతుందా చెప్పండి!"

ఓరెస్తే వంగి పెట్టె తాళంచెవి వెతుక్కోసాగాడు. అది అతని చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రం ఇనేస్ కిటికీ దగ్గర కూర్చుని, కింద కాలువలోకి చూస్తూ అంది: "ఇక్కడే కదూ! ఇలాంటి ఉత్తరమే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొండ ఊళ్ళో మంత్రసాని ఉద్యోగం. ఆ వారంలో జవాబు రాయాలి. నిన్ను రెండుసార్లు అడిగాను. నువ్వేమో మొద్దు నిద్ర."

"రైలు ప్రయాణం చేసి అలిసిపోయాను అప్పుడు."

"నేనే చింపేసి నీళ్ళలో వేశాను. నీ తప్పేముంది? ఇప్పటికీ అందరితో అదే చెబుతాను. మా ఆయన ఒక్కనాడూ నన్ను వద్దనలేదు అని."

ఓరెస్తే ఆ మాటని ఎప్పటిలాగే స్వీకరించాడు. తనది కాని వస్తువుని ఎవరైనా చేతిలో పెడితే జేబులో వేసుకునే మనిషిలాగా.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకే ఆమెని లేపాడు. "రేవు దగ్గర సూర్యోదయం చూద్దాం, పద." ఐదు కొట్టేసరికి వాళ్ళు రేవులో ఉన్నారు. సూర్యోదయం బాగుంది. ఇనేస్‌కి నిజంగా నచ్చింది. ఆ మాటా చెప్పాలి.

కాలువ దాటించే పడవ దగ్గర వాళ్ళు తమని తాము చూశారు. పడవలో అందరూ నిలబడి ఉన్నారు. పడవవాడు మధ్యలో ఇద్దరికి చోటు వదిలి, చెయ్యి చాచి, బరువు లేని ఒక అమ్మాయిని జాగ్రత్తగా ఎక్కించుకున్నాడు. నీలం గౌను, తెల్ల చేతిసంచి. వెనకనే మెడపట్టీ కట్టుకున్న సన్నటి కుర్రాడు.

"రోజూ ఇదే వేళకి వస్తారు" అన్నాడు పడవవాడు తెడ్డు వేస్తూ. "ఆ అమ్మాయి నవ్వుతుంది. అతను నవ్వడు. మీకు తెలిసినవాళ్ళా?"

"కొంచెం" అంది ఇనేస్.

అవతలి ఒడ్డున వాళ్ళ వెనకే నడిచారు. పావురాల చౌకు, గంటల గోపురం, గాజుపూసల కొట్టు, అన్నీ అదే వరసలో. కుర్రాడు నాలుగు అడుగులు ముందు, అమ్మాయి వెనక.

"అప్పుడూ ముందే నడిచేవాడివి."

"దారి చూడొద్దూ మరి?"

"దారి చూసేవాడు అప్పుడప్పుడు వెనక కూడా చూస్తాడు."

పూసల కొట్టు ముందు అమ్మాయి ఒక దండ చూపించింది. కుర్రాడి పెదవులు కదిలాయి. మాట వినపడకపోయినా ఇద్దరికీ తెలుసు, అది "చూద్దాంలే." ఇనేస్ పకపకా నవ్వింది. నవ్వుతూనే కుర్రాడి చేతివంక చూసి ఆగిపోయింది. అద్దానికి ఆనించిన ఆ చూపుడువేలి గోట్లో తెల్లగా ఉంది.

"ఓరెస్తే, అప్పుడు నువ్వు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తావి కదూ?"

"ఔను. ఏం?"

"కొట్టు మీ మావయ్య పోయాక కదా వచ్చింది."

"ఔనంటే. ఏమిటిప్పుడు?"

"ఏం లేదు" అంది. ఆ పూట ఆమె మరి నవ్వలేదు.

ఆదివారం నాలుగున్నరకి ఓరెస్తే బూట్లు వేసుకుంటూ, "లే, చేపల బజారు చూద్దాం" అన్నాడు.

"ఆదివారం చేపల బజారు ఉండదు."

"ఊరికే నడిచొద్దాం."

"వాన పడుతోంది. నేను ఇక్కడే కూర్చుని వాళ్ళని చూస్తాను."

"చూడటానికేముందే? మనమే కదా!"

"అందుకే."

అతను కుర్చీని మంచం తలవైపుకి, గోడ పక్కకి లాక్కుని, దాని వీపుకి వానకోటు తగిలించి కూర్చున్నాడు. ఇనేస్ ఇవతలి కుర్చీలో కూర్చుంది. చర్చి గంట ఐదు కొట్టింది.

వాళ్ళు వచ్చినట్టు లేదు. ఉన్నట్టు ఉంది, అంతే. దిండు కుంగింది. కిటికీ దగ్గర రాత్రి గౌను మీద శాలువా కప్పుకున్న అమ్మాయి, ఒళ్ళో ఉత్తరం.

"ఓరెస్తే, ఏమని రాయను?"

తన గొంతులో ఒకప్పుడు అంత నమ్మకం ఉండేదని ఇనేస్ మరిచిపోయింది. మంచం మీంచి ఊపిరి శబ్దం వచ్చింది, నిండుగా, ఒక్క తీరుగా. ఇరవై ఆరేళ్ళు ఆ మనిషి పక్కన పడుకున్న ఆడది ఆమె. నిద్రలో అతని ఊపిరి అలా ఉండదని ఆమెకి తెలుసు. ఊపిరి కింద ఇంకో చిన్న చప్పుడు. గోడ మీద ఏదో గీకుతున్నట్టు.

ఆమె లేచి మంచం తలవైపుకి వచ్చింది. ఓరెస్తే ఆమె చేతిని పట్టుకున్నాడు. "వద్దు ఇనేస్."

"జరుగు."

వానకోటు తప్పించి మోకాళ్ళ మీద కూర్చుంది. గోడవైపు తిరిగి ఉన్న ఆ కుర్రాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. జానెడు దూరంలోని గోడని చూస్తున్నాయి. చూపుడువేలు ఆగకుండా గోడని గీకుతోంది. సున్నం పొడి దిండు మీద రాలుతోంది. ఇనేస్ తల తిప్పి ముసలి ఓరెస్తేని చూసింది. అతని లాగు మీద, మోకాలి దగ్గర, అతని వేలు కూడా అలాగే కదులుతోంది.

"మెలకువగానే ఉన్నావు."

అతను వేలిని పిడికిట్లో మూసుకుని అన్నాడు: "కాదనడానికి మనసు రాలేదు."

"ఔననడానికి?"

ఓరెస్తే వానకోటు తీసి మడతపెట్టసాగాడు.

"కాదని ఉంటే ఏడ్చేదాన్ని. లేకపోతే పోట్లాడేదాన్ని. అది నా ఇష్టం అయ్యేది. ఇన్నేళ్ళు ఊరంతా నీ మంచితనం చెప్పుకు తిరిగాను."

కిటికీ దగ్గర అమ్మాయి రెండోసారి, ఇంకా మెల్లగా అడిగింది. కాసేపు చూసి ఉత్తరాన్ని చింపబోయింది. ఇనేస్ వెళ్ళి ఆ ఉత్తరం మీద చెయ్యి వేసింది.

"చింపకు తల్లీ. ఆయన నిద్రపోవడం లేదు. ఇంక అడగకు. వెళ్ళు."

అమ్మాయి ఆమె మొహంలోకి చూసింది. ఉత్తరం మడిచి శాలువా లోపల పెట్టుకుంది. బూట్లు చేత్తో పట్టుకుని, నిద్రపోయేవాళ్ళని లేపకూడదన్నట్టు మునివేళ్ళ మీద మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కింద కాలువలోంచి పాలపడవవాడు కేకేశాడు: "సియోరా తెక్లా! ఇవాళ కాగితం ముక్కలు పడలేదేం? పిల్లలకి ఒంట్లో బాగాలేదా?"

ఇనేస్ తన బట్టలు విడిగా సర్దుకుంది. "బెల్లూనోకి రైలు ఎప్పుడుంటుంది?"

"చూద్..." అని ఓరెస్తే నోరు మూసుకున్నాడు.

"నాకు ఇంక జవాబు అక్కర్లేదు. ఆ మంచం మీదవాడికి కావాలి. వాడికి చెప్పు" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

ఎండ వచ్చినా కుర్రాడు చెదిరిపోలేదు. దుప్పట్లు పట్టుకొచ్చిన సియోరా తెక్లా మంచం వంక చూసింది. "అమ్మాయి వెళ్ళిపోయిందిగా. ఇంకా ఎవరికోసం ఈ దొంగనిద్ర?"

"మీకు తెలుసా?" అన్నాడు ఓరెస్తే.

"ఇన్నేళ్ళు దుప్పట్లు మార్చాను సిన్యోర్. నిద్రపోయినవాడి దుప్పటి వేరు."

ఆమె వెళ్ళాక అతను మంచం మీదవాడికి చెప్పడం మొదలుపెట్టాడు. కొండ ఊరు దూరమన్నాడు. జీతం చాలదన్నాడు. కొత్త పెళ్ళాన్ని పంపితే నలుగురూ నవ్వేవాళ్ళన్నాడు. గోరు ఆగలేదు. ఆమె మేలుకోరే ఊరుకున్నానన్నాడు. గోరు ఇంకా గట్టిగా గీకింది. మధ్యాహ్నమైంది. చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు ఖాళీ కిటికీ వైపు తిరిగి, "భయం వేసింది. నన్ను వదిలి ఉండగలవని తెలిసిపోతుందని భయం వేసింది. వెళ్ళు ఇనేస్. వెళ్ళమని రాయి" అన్నాడు.

గీకడం ఆగింది. కుర్రాడు మొదటిసారి ఇటువైపు తిరిగాడు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి చూసినట్టు ముసలివాణ్ణి ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. నిజంగా నిద్రపోయాడు. ఊపిరి అడ్డదిడ్డంగా ఉంది, చిన్న గురక కూడా. ఓరెస్తే దుప్పటి సరిచేయబోతే కింద ఎవరూ లేరు.

అతను సియోరా తెక్లాని సున్నం, తాపీ అడిగి తెచ్చుకుని చిల్లు తనే పూడ్చాడు. ఆ సాయంత్రం రైలుకే ఇంటికి బయల్దేరాడు. మర్నాడు లెండినారాలో లేచి, అలవాటుగా అగ్గిపుల్ల తీశాడు. గోరు శుభ్రంగా ఉంది. పుల్లని తిరిగి పెట్టెలో పెట్టాడు.

మూడు వారాలకి ఇనేస్ ఉత్తరం వచ్చింది. ఓరెస్తే కొట్టులో నిలబడే చదివాడు. సున్నం కోసం వచ్చిన మేస్త్రీ కాచుకుని ఉన్నాడు.

"ఏమిటంత సేపు? చెడ్డ కబురా?"

"కాదు. నలుగురికి పురుడు పోసిందట. అక్కడ ఇప్పుడూ చలేనట. తన ఊలు కోటు పంపుతావా అని అడిగింది."

"ఎప్పుడొస్తానంది?"

"అది రాయలేదు."

"మరి నువ్వేమంటావు?"

"ఔనంటాను" అని ఓరెస్తే కొట్టు తలుపు సగం దించాడు. "సున్నం రేపు పట్టుకెళ్ళు. పోస్టాఫీసు మూసే వేళైంది."