పేర్లు లేని పదిహేడు ఇళ్ళు

హిందూపురంలో జనం అడక్కముందే చెప్పారు. టీ కొట్టు ముందర ధరణి ఫోన్ తీసి, "అన్నా, ఎలక్షన్ సర్వే" అని నోరు తెరిచిందో లేదో, నలుగురు చుట్టూ చేరి ఆమెకు ప్రశ్న అడిగే పనే లేకుండా చేశారు.

"రాసుకో పాపా, గొడుగు. ఈసారి హిందూపురమంతా గొడుగే."

"నీ నెత్తిన పెట్టుకో ఆ గొడుగు. నీ పెండ్లామే తాళంచెవికి గుద్దుతాదంట, ఇంటికి పోయి కనుక్కో."

"మొన్న వచ్చిన సర్వే చూడలేదా నువ్వు? నూటికి యాభై నాలుగు మాకే."

"ఆ సర్వేకు దుడ్లు ఇచ్చిందెవరప్పా? మీవోళ్ళే గదా. మేమిచ్చింటే మాకు అరవై వచ్చుండు."

గొడుగు, తాళంచెవి రెండు పార్టీల గుర్తులు. అక్కడ మొదలైన మాట ఎక్కడికి పోయినా ఆ రెండింటి దగ్గరికే వచ్చి ఆగేది. పెనుకొండలో కథ వేరు. అక్కడ ముందు ఆమెనే అడిగారు. ఎవరి బిడ్డవు, ఏ ఊరు, మీ నాయన యాడ పని చేస్తాడు. ఎర్రమంచి అని, నాయన ఆంజనేయులు కార్ల ఫ్యాక్టరీలో చెట్లకు నీళ్ళు పెడతాడని చెప్పాక, ఆమె ఏ పార్టీ మనిషో ఒక అంచనాకు వచ్చి, ఆ తర్వాత జవాబు చెప్పారు. ధర్మవరంలో మాత్రం చేతులతో చెప్పారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ధరణి వాళ్ళ ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి. బెంగళూరులోని ఒక సర్వే కంపెనీ ఎన్నికల కోసం తీసుకున్న పనివాళ్ళలో ఆమె ఒకతె. హిందూపురంలో ఒక మిద్దె మీద గది తీసుకుని, ఉమాశంకర్ అనే సూపర్‌వైజర్ వాళ్ళందరికీ పని నేర్పాడు. పేర్లు అడగకూడదు. ఇంటి నంబరు రాయకూడదు. వీధి పేరు, వయసు, పని, ఏ పార్టీ, అంతే. ఫారం తెరవగానే కంపెనీ ఇచ్చిన ఫోన్ దానంతట అదే మాటలు రికార్డు చేసుకుంటుంది. ఎవరైనా ఇంట్లో కూర్చుని దొంగ ఫారాలు నింపితే, బెంగళూరులో విని పట్టేస్తారు.

"నమ్మకంగా చేస్తే ఎలక్షన్ అయినాక కూడా ఉంచుకుంటారు," అన్నాడు ఉమాశంకర్. "దొంగ రాతలు రాసి దొరికితే మాత్రం ఈ పనిలో ఇంగ ఎవరూ పిలవరు. నీ పేరు అన్ని కంపెనీలకు పోతాది."

ఆ మాట ఆమె ఇంట్లో చెబితే నాయన నవ్వాడు. "నీకేం భయం? నువ్వు చూసిందే రాస్తావు గదా," అన్నాడు.

ధర్మవరంలో ఆమెకు ఇచ్చిన వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ పట్టుచీరల మగ్గం. అందరూ చెన్నకేశవులు అనే షావుకారుకే నేస్తారు. పట్టు, జరీ, మగ్గానికి ఎక్కించే పడుగు నూలు, అంతా ఆయనే ఇస్తాడు. ఆ నూలును వాళ్ళు వార్పు అంటారు. ఒక వార్పు అయిపోగానే ఇంకో వార్పు ఇస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇవ్వకపోతే మగ్గం బోసిపోతుంది. చెన్నకేశవులు ఇరవై ఏళ్ళుగా ఆ వార్డులో గొడుగు పార్టీకి పెద్ద. ఆయన ఇల్లు వీధి మొదట్లోనే. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే చివరి గడప దాకా కనబడుతుంది.

మొదటి ఇల్లు నాగక్కది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. ధరణి వచ్చినా మగ్గం ఆపలేదు.

"కూర్చో పాపా. ఆపితే పోగు తెగుతాది. అడుగు, ఇంటా ఉంటా."

వయసు చెప్పింది. పని చెప్పింది. ఏ పార్టీ అని అడగగానే నాగక్క ఒకసారి కిటికీలోంచి అరుగు వైపు చూసింది. చెయ్యి ఒక్క క్షణం మగ్గం మీంచి లేచి, రెండు వేళ్ళతో తాళం తీసినట్టు తిప్పి, మళ్ళీ పనిలో పడింది.

"అక్కా, నోటితో చెప్పల్ల. ఫోన్లో రికార్డు అయితాది."

"అందుకే చెప్పలేదు," అంది నాగక్క.

నాగక్క గొంతు తగ్గించి, మగ్గం చప్పుడులో కలిపి అంది. "చేనేతను కాపాడతామని మా షావుకారు మైకు పట్టుకుంటాడు. ఊరి బయట మరమగ్గాలు ఎవురివో కనుక్కో పో. నువ్వు అడిగినావు, నేను చెప్పినా. నీ ఫోనుకు చెప్పేదేం లేదు."

పక్కింటి ఖాదర్‌వలి ఇంకా గట్టివాడు. "రాజకీయాలు మాకేం తెలుస్తాయి తల్లీ, నేసేదే తెలుసు," అని వీధికి వినబడేట్టు చెబుతూనే, మోకాలి పక్కన వేళ్ళు తిప్పాడు. సాయంత్రానికి ఇరవై రెండు ఇళ్ళూ అయ్యాయి. అయిదిళ్ళవాళ్ళు గొడుగు అని గొంతెత్తి చెప్పారు. పదిహేడిళ్ళవాళ్ళు వేళ్ళు తిప్పారు. ధరణి చూసింది చూసినట్టు ఫోన్లో నొక్కింది. బస్సులో ఇంటికి పోతూ ఆలోచించుకుంది. నోటితో చెప్పలేదు, నిజమే. కానీ చెప్పలేదని ఎలా రాస్తుంది? చెప్పారు కదా.

రెండు రోజుల తర్వాత పక్క వీధిలో పనికి పోతుంటే, చెన్నకేశవులు అరుగు మీంచి పిలిచాడు.

"ఏమ్మా పాపా, ఇట్ల రా. మజ్జిగ తాగుతావా?"

"వద్దు పెద్దాయనా, పని ఉండాది."

"పని ఉంటాది లే. మా వీధిలో తాళంచెవికి పదిహేడంట గదా?"

ధరణి అరుగు దగ్గరికి రెండడుగులు వేసింది. ఆ అంకె ఆమె ఎవరికీ చెప్పలేదు. నాయనకు కూడా. ఆమె ఫోన్లోంచి బెంగళూరుకు పోయింది, అంతే.

"ఎవరు చెప్పినారు పెద్దాయనా?"

"గాలికి వచ్చింది," అని నవ్వాడు. "నా ఉప్పు తినేటోళ్ళు పదిహేడు మంది. ఎవరా అని రెండు రోజులుగా ఒక్కో మొహమే చూస్తాండా. అందురూ దండం పెడతాండారు. మొహాలు చూస్తే ఒక్కటీ తెలీడం ల్యా."

ఆ మధ్యాహ్నమే ఉమాశంకర్ ఫోన్ చేశాడు. పదిహేడు రికార్డింగుల్లో పార్టీ పేరు వినబడలేదని, ఆ ప్రశ్న దగ్గర మగ్గం చప్పుడు తప్ప జవాబేమీ లేదని, బెంగళూరువాళ్ళు దొంగ ఫారాలని అనుమానపడుతున్నారని చెప్పాడు. ధరణి వేళ్ళ సంగతి చెప్పింది. అతను అంతా విన్నాడు.

"రేపు నేనే వస్తా. నా ముందర మళ్ళీ అడుగు. చూద్దాం."

మర్నాడు వచ్చాడు. అతని బండి నేరుగా చెన్నకేశవులు అరుగు ముందరే ఆగింది. ఎండగా ఉందని నీడ చూసుకుని పెట్టాడేమో అనుకుంది ధరణి. కానీ వీధిలో వేపచెట్టు నీడ ఇంకోవైపు ఉంది.

ఇల్లిల్లూ తిరిగారు. నాగక్క ఈసారి మగ్గం ఆపింది. కొంగు సర్దుకుని, నమస్కారం పెట్టి, బడిపిల్లలా చెప్పింది. "గొడుగు సార్." ఖాదర్‌వలి అయితే ఇంకొంచెం ముందుకు పోయాడు. "మా తాత కాలం నుంచీ గొడుగే సార్. అప్పుడు ఆ పార్టీ ల్యాకపోయినా మేము గొడుగే." ఉమాశంకర్‌కు నవ్వు రాలేదు. ఇరవై రెండు ఇళ్ళు, ఇరవై రెండు గొడుగులు. ఏ ఇంట్లోనూ ధరణి వైపు ఎవరూ చూడలేదు. నాగక్క ఒక్కతే, వాళ్ళు గడప దాటుతుంటే, ఒక్క చూపు చూసింది. అందులో బతిమాలడం లేదు. నువ్వేనా వీణ్ణి తోలుకొచ్చింది అన్నట్టుంది.

రైల్వే స్టేషన్ దగ్గరి హోటల్లో కూర్చున్నాక, ఉమాశంకర్ సంచిలోంచి తెల్లకాగితం తీశాడు.

"ధరణీ, నువ్వు అబద్ధం చెప్పేదానివి కాదని నాకు తెలుసు. బెంగళూరువాళ్ళకు తెలీదు గదా. వాళ్ళకు ఒక ఆధారం కావల్ల. ఆ పదిహేడు మంది పేర్లు రాసియ్యి. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి సైగ చేసినారు అని. నీ పని నిలబడతాది."

"పేర్లు అడగొద్దన్నారు గదా సార్."

"అడగొద్దన్నాం. నీకు మొహాలు తెలుసు గదా. ఏ ఇల్లో చెప్పినా చాలు."

"ఇల్లు తెలిస్తే బెంగళూరువాళ్ళకు ఏం లాభం సార్?"

అతను చెంచాతో టీలో చక్కెర తిప్పుతూ ఉండిపోయాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. "నువ్వు ప్రశ్నలు శానా అడుగుతాండావు," అన్నాడు చివరికి.

"షావుకారుకు పదిహేడు అని ఎట్ల తెలిసింది సార్?"

"నాకేం తెలుసు? ఊళ్ళో మాటలు వంద పోతాంటాయి."

అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. ఈ సర్వే ఎవరి కోసమో ధరణి మొదటిరోజు అడగలేదు. ఏ పార్టీ చేయించినా తనకేం, చూసింది రాయడమే పని అనుకుంది. ఇప్పుడు మాత్రం టేబుల్ మీది తెల్లకాగితం బెంగళూరు దాకా పోదని, స్టేషన్ నుంచి ఆ అరుగు దాకానే పోతుందని అనిపించింది. ఆధారం లేదు. అనుమానమే. కానీ ఆ అనుమానం తప్పైతే తనకు పోయేది ఒక పని. నిజమై, తను పేర్లు రాస్తే, పదిహేడు మగ్గాలు ఆగిపోతాయి.

"రాయకపోతే?"

"రాయకపోతే దొంగ ఫారాలు నింపినావని నేను రాసుకోవల్ల. నీ సంతకంతో. ఆలోచించుకో."

ధరణి కాగితం దగ్గరికి లాక్కుంది. నాయన అన్న మాట గుర్తొచ్చింది, చూసిందే రాస్తావు గదా అని. ఆ వీధిలోని పదిహేడు ఫారాల్లో పార్టీ పేరు నేను ఎవరినీ అడక్కుండా ఇంట్లో కూర్చుని నింపినాను అని, అక్షరాలు గుండ్రంగా, పరీక్షలో రాసినట్టు రాసి, సంతకం పెట్టింది. సొంత ఫోన్ తీసి ఆ కాగితానికి ఒక ఫోటో తీసుకుంది.

ఉమాశంకర్ రెండుసార్లు చదివాడు. దొంగను పట్టుకున్న అధికారి ముఖంలో ఉండాల్సిన సంతోషం అతనిలో లేదు.

"ఇది ఎవరికి కావల్ల?" అన్నాడు గొణుగుతున్నట్టు. తర్వాత తేరుకుని, "సరే. ఫోనూ, ఐడీ కార్డూ ఇచ్చేసి పో," అన్నాడు.

కంపెనీ ఫోన్ ఇచ్చేసింది. సొంత ఫోన్లో ఆ ఫోటో మాత్రం ఉంది. ఊరికే పోబుద్ధి కాలేదు ఆమెకు. ఆ వీధి వెనకవైపు సందు ఉంది, నూలుకు రంగులద్దే పొయ్యిల పక్కగా. ఆ దారిన పోయి నాగక్క పెరటి వాకిట్లో నిలబడింది. నాగక్క, ఖాదర్‌వలి నూలు ఆరేస్తున్నారు. ఆమెను చూడగానే నాగక్క చేతిలో నూలు అట్లే ఆగిపోయింది.

"మళ్ళీ ఏంటికొచ్చినావు? పేర్లు ఇచ్చినావా?"

"ఇవ్వలేదక్కా. అది చెప్పేకే వచ్చినా. ఇంగ ఎవరూ అడగరు. మీరు భయపడొద్దు."

"ఊరికే ఎట్ల వదిలినాడు ఆ సారు? నిన్న రాత్రి మా షావుకారుతో రెండు గంటలు కూర్చున్నోడు?"

"నేనే రాసినా అని కాగితం ఇచ్చినాక్కా. చూడు." ధరణి ఫోన్ చాపింది.

నాగక్కకు చదువు రాదు. ఖాదర్‌వలి తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. "ఎవరినీ అడక్కుండా... ఇంట్లో కూర్చుని... నింపినాను." చదివి నాగక్క వైపు చూశాడు.

నాగక్క చేతిలోని నూలు తీగ మీద వేసింది.

"అయితే నువ్వు దొంగ రాతలు రాస్తావన్నమాట," అంది.

"అది మీ కోసం రాసినాక్కా."

"మా కోసం అబద్ధం రాసినదానివి, వాళ్ళ కోసం ఇంకో కాగితం రాసి ఇయ్యలేదని ఎట్ల నమ్మేది పాపా? ఫోటోలో ఒక కాగితమే ఉండాది. లోపల ఎన్ని ఉండాయో మాకేం తెలుసు."

"నాగక్కా, పోనీలే, పిల్ల అంత దూరం నుంచి..." అన్నాడు ఖాదర్‌వలి.

"నేనేమన్నా? ఏమనలేదు. సోమవారం వార్పులు ఇస్తాడు షావుకారు. అందురికీ వస్తే, అప్పుడు నమ్ముతా. అంతవరకు ఈ వాకిలి తొక్కొద్దు." కాస్త ఆగి, పక్కనున్న చెంబు చూపించింది. "నీళ్ళు తాగి పో."

ధరణి నీళ్ళు తాగింది. చెంబు కడిగి బోర్లించి, వచ్చిన దారినే బయటికి నడిచింది. కోపం రాలేదు ఆమెకు. తను నాగక్క అయినా అలాగే అనేది.

బస్టాండులో పెనుకొండ బస్సుకు ఇంకా టైముంది. బెంచీ మీద ఇద్దరు మగవాళ్ళు ఒకే ఫోన్ మీద వంగి వాదించుకుంటున్నారు. అప్పటికే ఎవరో వాట్సాప్‌లో పెట్టినట్టున్నారు.

"చూడప్పా, నేసేవాళ్ళ వీధిలో ఇరవై రెండిళ్ళకు ఇరవై రెండూ గొడుగు. ఇంగ ఎలక్షన్ పెట్టేదెందుకు?"

"ఇరవై రెండుకు ఇరవై రెండు యాడన్నా వస్తాదా? ఒకే ఇంట్లో మొగుడూ పెండ్లాలకే కుదరదు. ఆ సర్వే చేసినోళ్ళు యాడ తిన్నారో."

"తిన్నారో లేదో నీకు యట్ల తెలుసు?"

"తినకుండా అట్ల ఎవరు రాస్తారు?"

ఇద్దరూ ఒకేసారి తలెత్తి, పక్కన నిలబడ్డ ధరణిని చూశారు. గొడుగు మనిషి జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"కూర్చో పాపా. నువ్వు చదువుకున్నదానివి మాదిరి ఉండావు. చెప్పు, ఈ సర్వేలు నిజమా అబద్ధమా?"

ఆమె జవాబు చెప్పేలోగా రెండోవాడు కళ్ళు చిన్నవి చేసి అడిగాడు. "ముందు ఆ పాపది ఏ పార్టీనో కనుక్కో. తర్వాత అడుగు."

ధరణి బెంచీ చివర కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది. సోమవారానికి ఇంకా నాలుగు రోజులు.

"నాది పెనుకొండ బస్సన్నా," అంది.