ఊడాల్సిన అతుకు

బడిలో సైన్సు ప్రదర్శన పెడుతున్నారన్న సంగతి ఆ వీధిలో అందరికంటే ముందు వడ్రంగికే తెలుస్తుంది. పిల్లల తల్లిదండ్రులు ఆయన కొట్టు గడప అరిగేలా తిరగడం మొదలుపెడతారు మరి. ఈసారి విషయం సోయా చిక్కుడు. ఆ గింజ ఎన్ని రకాలుగా ఉపయోగపడుతుందో పిల్లలు సొంతంగా చేసి చూపించాలని బడివాళ్ళు చెప్పారు. 'సొంతంగా' అన్న ముక్క మాత్రం బడినుంచి ఇంటికి వచ్చేలోపు దారిలో ఎక్కడో జారిపోయింది.

"మావాడికి నూనె గానుగ చేసిపెట్టవయ్యా. చక్రం తిప్పితే తిరగాలి" అన్నాడు ఒక తండ్రి.

"మా అమ్మాయి సోయా పాల ఫ్యాక్టరీ కావాలంటోంది. అంటే, నేనే అంటున్నాననుకో. మూడంతస్తులుండాలి, గానుగ కంటే పెద్దగా కనపడాలి" అంది ఒక తల్లి.

వడ్రంగి ఎవరినీ కాదనలేదు. కాదనడం ఆయనకు పుట్టుకతోనే రాలేదు. పొద్దున కిటికీ రెక్కలు, మధ్యాహ్నం నుంచి ఊళ్ళో పిల్లలందరి సైన్సు. సాయంత్రం ఇంటికి చేరేసరికి నడుం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆయనకూ ఒక కూతురుంది. ఏ మాట చెప్పినా 'ఎందుకు' అనందే ఊరుకోదు గనక ఇంట్లో అందరూ దాన్ని పేచీ అని పిలుస్తారు. అదీ ఆ బడిలోనే చదువుతోంది. కానీ అది తండ్రిని ఫ్యాక్టరీ అడగలేదు. కొట్లోంచి పనికిరాని చెక్కముక్కలు నాలుగు ఏరుకుపోయింది, అంతే.

"నీ జిగురు డబ్బా మూత తీస్తే తలనొప్పి అంటావుగా నాన్నా. నేను సోయా పిండితో జిగురు చేస్తున్నా. అస్సలు కంపు కొట్టదు" అంది ఒక సాయంత్రం. "ఒక్కసారి ఇలా వచ్చి చూడవా? ఉత్త పిండి జిగురైతేనేమో నీళ్ళల్లో..."

"రేపు చూస్తానమ్మా. ఒళ్ళు హూనమైపోయింది."

మర్నాడు అడిగినా అదే మాట. ఆ రేపు రాకుండానే ప్రదర్శన దగ్గరపడింది.

ముందురోజు సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగా వంటింటి వెనకనుంచి ఢమాలున చప్పుడైంది. తొంగి చూస్తే కూతురు అతికించిన చెక్కల్లో ఒక జత విడిపోయి, దానికి వేలాడదీసిన ఇనప నట్ల డబ్బా నేలమీద దొర్లుతోంది. పేచీ నవ్వుతోంది. పాపం, పిచ్చిపిల్ల ఏడుపు దాచుకుంటోందనుకున్నాడు వడ్రంగి. ఏమైందని అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగడానికి ఆయనకు ఓపిక లేదు.

పొద్దున్నే గోడవారన కొత్తగా అతికించి ఆరబెట్టిన రెండు జతలు కనిపించాయి. కూతురు తల దువ్వించుకుంటోంది. వడ్రంగి కూతురు పెట్టిన అతుకు నలుగురిలో ఊడిపోవడమా? ఆ తలవంపులు ఆయన ఊహించుకోలేకపోయాడు. సన్నటి మేకుల తలలు తుంచి, రెండు జతల్లోనూ దిగ్గొట్టి, పైన రంపపు పొట్టు కలిపిన జిగురు పూసి, గరుకు కాగితంతో రుద్దాడు. ఇంక ఎవరి కంటికీ ఆనదు.

"ఏంటా టకటకా?" అంది లోపల్నుంచి భార్య.

"ఏం లేదులే."

ఆ ఒక్క సాయం చేసినందుకు ఆయనకు వారం రోజుల అలసటా తీరినట్టనిపించింది.

బడి హాల్లో బల్లలన్నీ సోయామయం. పాలు, నూనె, సబ్బులు, కొవ్వొత్తులు, సిరా. బల్లల వెనక పిల్లలు, పిల్లల వెనక నిద్రలేని కళ్ళతో తల్లిదండ్రులు. న్యాయనిర్ణేతగా వచ్చిన రిటైరైన టీచరమ్మ మోకాళ్ళు పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా ఆగుతోంది. గానుగ దగ్గర "ఈ చక్రం ఎందుకు బాబూ?" అని అడిగితే ఆ పిల్లాడు వాళ్ళ నాన్న మొహం చూశాడు. జవాబు నాన్నే చెప్పాడు. ఫ్యాక్టరీ దగ్గరా అదే తంతు.

"ఈ హాల్లో సగం బల్లల మీద ఒకే చెయ్యి కనపడుతోంది. పనితనం మాత్రం గొప్పగా ఉంది" అంది ఆవిడ నీరసంగా నవ్వి. వడ్రంగి రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

పేచీ వంతు వచ్చింది. పొద్దుటినుంచీ నీళ్ళల్లో నానుతున్న రెండు జతల్నీ పైకి తీసింది.

"ఇది ఉత్త సోయా పిండి జిగురు మేడమ్. ఈ రెండో జత జిగురులో చిటికెడు సున్నం కలిపాను. నీళ్ళల్లో నానితే మొదటిది ఊడిపోతుంది, రెండోది ఆగుతుంది. అంటే సున్నం కలిపితేనే తడికి తట్టుకుంటుందన్నమాట. చూడండి."

వడ్రంగి మెడ చాచి చూశాడు. ఊడిపోతుందా? అది ఊడాలా?

పేచీ మొదటి జతకు డబ్బా తగిలించి ఒక్కో నట్టూ వేసింది. ఊడలేదు. ఉన్నవన్నీ వేసింది. చెక్క కదల్లేదు. చుట్టూ మూగినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"భలే గట్టిగా ఉందే. అయితే సున్నంతో పనేముంది?" అంది టీచరమ్మ.

పేచీ చెక్కను దగ్గరికి తీసుకుని చూసింది. అది వడ్రంగి కూతురు. పూసి రుద్దిన చోటు దాని గోరుకు వెంటనే తగిలింది. తలెత్తి తండ్రివైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా ఆయన తట్టుకునేవాడు. కోపం లేదు, ఉత్త అలసట. అంత చిన్న మొహంలో అంత అలసట చూడటం ఆయనకు అదే మొదలు.

"నాకు తెలీదు మేడమ్. ఇంట్లో ప్రతిసారీ ఊడింది. ఇవాళ ఊడట్లేదు. ఏమీ తేల్లేదని రాసుకోండి" అంది.

తండ్రి పేరు మాత్రం ఎత్తలేదు. ఆ దాచడమే ఆయన్ని ముందుకు నెట్టింది.

"మేడమ్, అందులో మేకుంది. నేనే కొట్టాను. పిల్లకి తెలీదు" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి తల దించుకున్నాడు. "మీరన్న ఆ చెయ్యి కూడా నాదే. ఊళ్ళో పిల్లలందరికీ చేసిపెట్టాను. నా పిల్ల చెప్పబోతే వినలేదు."

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏళ్ళ తరబడి ఈ బల్లల మధ్య తిరుగుతున్నానండీ. పిల్లలు అప్పజెప్పిన పాఠాలు విని విని చెవులు అలిసిపోయాయి. ఇవాళ ఒక పిల్ల 'నాకు తెలీదు' అంది. ప్రాణం లేచొచ్చింది" అంది. "మీ అతుకులు ఊడకూడదు, నిజమే. అది మీ వృత్తి. మీ పిల్ల అతుకు ఊడటమే తను కనిపెట్టిన విషయం. మేకు కొట్టి దాన్ని మీరు దాచేశారు. ఇక్కడ మనందరం చేస్తున్నది ఇదే."

కొందరు తల్లిదండ్రులు ఇబ్బందిగా కదిలారు. అయినా బహుమతి మూడంతస్తుల ఫ్యాక్టరీకే వెళ్ళింది. ఒక్క మాటతో లోకం మారిపోతుందని మీకు అబద్ధం చెప్పను.

తర్వాతి సెలవురోజు వడ్రంగి కొట్టు తలుపు వెయ్యలేదు గానీ, పని కూడా ముట్టలేదు. పేచీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఉత్త పిండి జిగురుతో కొత్తగా అతికించి నానబెట్టిన జతకు అది డబ్బా తగిలించింది. ఆయన చెయ్యి దానంతటది సాయం పట్టబోయింది.

"ముట్టుకోకు నాన్నా."

"ముట్టుకోనులే. నువ్వు చెప్పు, నేను వింటున్నా."

నట్లు కొన్ని పడ్డాయో లేదో అతుకు విడిపోయి డబ్బా దబ్బున కింద పడింది. జీవితమంతా ఆ చప్పుడుకు భయపడిన మనిషి ఆ వేళ కూతురితో కలిసి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

అమ్మలారా, అయ్యలారా, ఒంట్లో ఓపిక లేదని మనం పిల్లల మాట వినడం మానేసి, ఆ లోటు పూడ్చడానికి వాళ్ళ పని మన చేత్తో చేసిపెడుతున్నాం. వాళ్ళ అతుకు ఊడితే ఊడనివ్వండి, ఎందుకు ఊడిందో వాళ్ళు చెప్పేటప్పుడు మాత్రం పక్కన ఉండండి.