పసుపు మింగిన రేడియేటర్

పొద్దున్నే కారుకు నీళ్లు పొయ్యడం వనజ పని. పొయ్యి వెలిగించకముందే బిందెతో బోరు నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్ నింపాలి. కారిపోతోంది, షాపులో చూపిద్దామని మూడు నెలలుగా మొత్తుకుంటూనే ఉంది. మొగుడు భద్రు వింటేగా. "ఇంత పసుపేస్తే చిల్లు అదే మూసుకుంటది. పోయి తే," అన్నాడు. అత్త పూలి వంటింట్లోంచి డబ్బా తెచ్చిస్తూ, "మొగోళ్ల బండి సంగతి నీకేంది బిడ్డా," అంది. చిల్లు మూసుకుంది, నిజమే. పసుపు ముద్దా, బోరు నీళ్ల సున్నమూ పేరుకుని లోపలి సన్న గొట్టాలు కూడా మూసుకుపోతాయి, నీళ్లు తిరగక ఇంజన్ ఉడికిపోతుంది అని చెబితే తల్లీకొడుకులిద్దరూ నవ్వారు.

ఈరోజు పాల్వంచ దాటి అడవిలోకి రాగానే వేడి చూపే ముల్లు ఎర్ర గీత మీదికెక్కింది.

"ఆపు, ఇంజన్ ఉడుకుతుంది."

"దవాఖానాల సూదులేసేదానివి, ఇంజన్ గురించి నీకేం తెల్సు," అని భద్రు ఇంకో రెండు కిలోమీటర్లు తోలాడు. బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచాకే ఆపాడు.

మూడున్నర. పదకొండేళ్లు కాంట్రాక్టు నర్సుగా ఊడిగం చేశాక వచ్చిన పర్మినెంటు ఉద్యోగం. ఈరోజు ఐదింటిలోగా భద్రాచలం దవాఖానాలో చేరకపోతే ఆర్డర్ రద్దు. బస్సులో పోతానని పొద్దున కాళ్లావేళ్లా పడింది. "కారుండంగ బస్సుల పోతవా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

"గా వాగుల నీళ్లు తేపో," అన్నాడు భద్రు. అలవాటు చొప్పున క్యాను పట్టుకుని దిగింది. ముళ్లకంపలు గీరుకుంటూ గట్టెక్కేటప్పుడు తెలిసింది, ఎన్ని క్యాన్లు పోసినా ఈ బండి నాలుగు కిలోమీటర్లు కదలదని. తెచ్చి అతని ముందు పెట్టింది.

"గట్ల ఏడుపు మొకం పెట్టకు. రేపు పోయి చెప్పుకుందాం తియ్. ఒక్క రోజుకు ఏమైతది?"

అంతవరకూ అతనికీ తనలాగే గుండె కొట్టుకుంటోందనుకుంది. భద్రు ముఖం నిమ్మళంగా ఉంది.

మలుపులో బస్సు కనబడింది. వనజ సర్టిఫికెట్ల సంచి చంకన పెట్టుకుని రోడ్డు మధ్యకెళ్లి చేయెత్తింది.

"ఏందిది? నీళ్లెవరు పోస్తరు?" భద్రు రెక్క పట్టుకున్నాడు. విదిలించుకుని ఎక్కింది.

కండక్టరమ్మ కిందికి చూసి, "ఆయన రాడా అక్కా?" అంది.

"ఆయనకు బండుంది," అంది వనజ. "నాకు నౌకరీ ఉంది."