గుంజకూడని దారం

మా ఆయన రఘుపతికి దారం కనబడితే చెయ్యి ఊరుకోదు. ఇరవై రెండేళ్లుగా గుజరాత్‌లోని సచిన్ అనే ఊళ్లో మరమగ్గాలు నడుపుతున్నాడు. తెగిన పోగును గుంజి ముడివేసి మగ్గాన్ని మళ్లీ ఆడించేలోపు పక్కవాడు తంబాకు నలపడం కూడా పూర్తి చేయలేడు. ఆ వేళ్లంటే ఆయనకు మహా పొగరు. నా పని దానికి తలకిందులు. ఇంట్లో కూర్చుని ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తాను.

మా కుక్క బాబిన్ ఆ చీరల మూటల మధ్యే పెరిగింది. ఏడాది దాటినా బుద్ధి రాలేదు. తెచ్చింది ఆయన, సాకేది నేను, తిట్టేదీ నేనే.

ఆ మంగళవారం బాబిన్ తిన్నదంతా కక్కింది. ఎండదెబ్బ అనుకుని పలుచటి మజ్జిగ పోశాను. అదీ కక్కింది. బుధవారం పొద్దుటికి నీళ్లు కూడా మానేసి, పొట్ట ముట్టుకుంటే మూలుగుతూ గోడవారన పడుకుంది. నోరులేని జీవి అలా కక్కుతూ నీళ్లు మానేస్తే ఒక్క పూట కూడా ఆగకూడదని ఇప్పుడు వాడకట్టంతా తిరిగి చెబుతున్నాను. అప్పుడు నాకేం తెలుసు?

మధ్యాహ్నం ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి బాబిన్ వాకిట్లో ముక్కుతోంది. తోక కింద నుంచి ఎర్రటి దారం జానెడు వేలాడుతోంది.

"అరే, గిదా సంగతి! దారం మింగిందే జమునా. జర పట్టుకో, ఒక్క నిమిషంల గుంజేస్త."

అన్నంత పనీ చేశాడు. బెత్తెడు దారం వచ్చింది. బాబిన్ కుయ్యోమని అరిచింది. ఆయన చేతిమీద ఒక్కటి కొట్టాను.

"గుంజకు! చెయ్యి తియ్యి!"

"దారం సంగతి నాకు చెప్తవా?"

"నీకు మగ్గం మీది దారం ఎర్క. ఇది లోపల దేనికి సుట్టుకున్నదో ఎర్కనా? చీరల పోగు గుంజితే పువ్వంత కుచ్చుల లెక్క ముడుసుకపోతది. దాని పేగులు గట్లయితే?"

ముఖం మాడ్చుకుని వదిలేశాడు. బాబిన్‌ను పాత దుప్పట్లో చుట్టి ఆటోలో పశువుల దవాఖానాకు బయలుదేరాం.

దారిలో ఆ ఎర్ర దారాన్ని చూస్తుంటే గుర్తొచ్చింది. సోమవారం చేపలు వేపిన పెనాన్ని, కత్తిరించిన పొడుగాటి దారాల ఉండతో తుడిచి మూలకు విసిరాను. చేపల వాసనకు బాబిన్ ఆ ఉండంతా మింగేసి ఉంటుంది. ఈ కుక్క పోతే చంపింది నేనే. ఆ మాట ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

డాక్టరమ్మ గుజరాతీ పిల్ల. బాబిన్ నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించింది. నాలుక మొదట్లో ఎర్ర దారం చుట్టుకుని కండలోకి దిగి ఉంది. ఒక కొస అక్కడ, ఇంకో కొస తోక కింద.

"ఖీంచా థా?" గుంజారా అని అడిగింది.

"థోడా," కొంచెమే అన్నాడాయన తల వంచుకుని.

ఇంకాస్త గుంజి ఉంటే కత్తి పెట్టినట్టు పేగు తెగేదంది. ఇక ఆగలేకపోయాను. "దారం నాదే మేడం! చేపల వాసన దారం నేనే పారేసిన!" అని తెలుగులోనే ఏడ్చేశాను. ఆమె అర్థంకాక ఆయన వైపు చూసింది. ఆయనకు మాత్రం అంతా అర్థమైంది.

"బతుకుతదా అని అడుగుతున్నది మేడం," అని హిందీలో చెప్పాడు.

నాలుక కింది చుట్టును కత్తిరించి ఆపరేషన్ చేశారు. పేగులు లంగా బొందు లాగినట్టు కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుపోయాయట, కానీ ఎక్కడా చిల్లు పడలేదట. కుట్లు నిలవాలి, తిన్నది లోపల ఆగాలి, దొడ్డికి రావాలి, అప్పటిదాకా ఏమీ చెప్పలేనంది. మొదట చెంచాలతో నీళ్లు, తర్వాత మెత్తటి అన్నం. రోజూ వెళ్లి దాని తోకవైపే కళ్లప్పగించి కూర్చున్నాం.

నాలుగో రోజు పొద్దున దవాఖానా ఆవరణలో బాబిన్ వణుకుతూ దొడ్డికి కూర్చుంది. రఘుపతి వంగి పరీక్షగా చూసి లోపలికి పరుగెత్తాడు.

"మేడం! హో గయా! బరాబర్ హో గయా!"

పెళ్లినాడు కూడా ఆ మనిషి ఇంత సంబరపడలేదు. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఊకో. నువ్వు పారేసినవ్, నేను గుంజిన. ఇద్దరం కలిసి సంపబోయినం. అదే మనల్ని ఇడిసిపెట్టి పోలే."

బాబిన్ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి మా మధ్య పడుకుంది. ఆకలేస్తోందని దాని మూతి చూస్తేనే తెలిసింది.